టన్నేజీ కేటాయింపు

యుద్ధకాలంలో ప్రభుత్వం వాణిజ్య నౌకలను చేతిలోకి తీసుకుని, ఏ ఓడ ఏ సరుకుతో ఎటు వెళ్లాలో నిర్ణయించడమే టన్నేజీ కేటాయింపు. టన్నులతోపాటు రోజులూ లెక్కే: దూరం పంపిన ఓడ నెలల తరబడి ఇంకో పనికి దొరకదు.

దీని ప్రభావం బెంగాల్‌లో కనిపించింది. 1942లో బర్మా జపాన్ వశమై, అక్కడి బియ్యం ఆగిపోయింది. మరుసటేడు బెంగాల్ కరవు. బ్రిటన్‌లో భారత వ్యవహారాల మంత్రి ఎమెరీ 5 లక్షల టన్నుల ధాన్యానికి ఓడలు అడిగితే, అక్కడి యుద్ధ మంత్రివర్గం కొంతకే ఒప్పుకుంది. 1944 ఏప్రిల్‌లో బ్రిటన్ ప్రధాని చర్చిల్ అమెరికా ఓడలు కోరారు, అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కుదరదన్నారు. ఓడలు నిజంగా లేవా, ఉండీ ఇవ్వలేదా? చరిత్రకారులు నేటికీ తేల్చుకోలేదు. ఆకలి బెంగాల్‌ది, నిర్ణయం లండన్‌ది.

ఓడలపై ఆధారపడటం ఇప్పటికీ తీరలేదు: మన రైతు వాడే డీఏపీ ఎరువు, దాని ముడిసరుకు నేటికీ ఎక్కువగా ఓడల్లోనే వస్తున్నాయి.