పవర్ స్టీరింగ్ ఆయిల్ తగ్గిందంటే లీకున్నట్లే: ప్రయాణానికి ముందు పరీక్షించడం ఎలా?

సూరత్: దీపావళికి సూరత్ వస్త్ర మార్కెట్లు మూతపడగానే, మరమగ్గాలనూ వస్త్ర వ్యాపారాన్నీ నమ్ముకొని అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో పలువురు సొంతూళ్ల బాట పడతారు. నగరంలోని ఆల్థాన్ వంటి నివాస ప్రాంతాల నుంచి కారులో బయలుదేరి, సాపుతారా ఘాట్ మీదుగా నాసిక్ చేరి, మహారాష్ట్రను దాటి తెలంగాణలో అడుగుపెట్టాలంటే సుదీర్ఘ ప్రయాణమే. బయలుదేరే ముందు టైర్లలో గాలి, ఇంజిన్ ఆయిల్, బ్రేకులు చూసుకునే వాహనదారులు సైతం పవర్ స్టీరింగ్ ఆయిల్ సంగతి మరచిపోతుంటారు. ఘాట్ మలుపుల్లో స్టీరింగ్ హఠాత్తుగా బరువెక్కిన తరువాత గానీ అది గుర్తుకు రాదు.

ఏ కార్లకు ఈ పరీక్ష అవసరం?

పవర్ స్టీరింగ్ అన్నింటిలోనూ ఆయిల్ ఉండదు. నేడు వస్తున్న చిన్న కార్లలో అధిక భాగం విద్యుత్ మోటారుతో పనిచేసే స్టీరింగ్ కలిగినవే. వాటికి ఈ పరీక్ష అక్కర లేదు. మహీంద్రా బొలెరో, పాత టయోటా ఇన్నోవా వంటి వాహనాల్లో మాత్రం ఆయిల్ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ స్టీరింగ్ ఉంటుంది. అమెరికా ఇంజినీరు ఫ్రాన్సిస్ డేవిస్ 1926లో ప్రదర్శించిన ఈ విధానాన్ని 1951లో క్రిస్లర్ సంస్థ తన ఇంపీరియల్ కారు ద్వారా మార్కెట్లోకి తెచ్చింది. బానెట్ ఎత్తినప్పుడు స్టీరింగ్ చక్రం బొమ్మ ఉన్న మూతతో చిన్న డబ్బా కనిపిస్తే, అది ఆయిల్‌తో నడిచే స్టీరింగేనని సాధారణంగా గ్రహించవచ్చు.

లీకు ఎందుకు ప్రమాదకరం?

ఇంజిన్ బెల్టుతో తిరిగే పంపు, డబ్బాలోని ఆయిల్‌ను అధిక ఒత్తిడితో స్టీరింగ్ యంత్రాంగంలోకి పంపుతుంది. ఆ ఒత్తిడే డ్రైవరు శ్రమను తగ్గిస్తుంది. పని పూర్తయిన ఆయిల్ మరో పైపు గుండా తిరిగి డబ్బాలోకి చేరుతుంది. పెట్రోలు, డీజిల్ మాదిరిగా ఇది ఖర్చయ్యేది కాదు. కాబట్టి మట్టం పదేపదే తగ్గుతోందంటే ఎక్కడో లీకున్నట్లే. ఆయిల్ పోసి ఊరుకుంటే లోపం సరికాదు. ఆయిల్ లేకుండా తిరిగితే పంపు అరిగిపోతుంది. కారిన ఆయిల్ వేడెక్కిన పొగగొట్టంపై పడితే మంటలు రేగే ముప్పూ ఉంది.

మొదట నేలను చూడాలి

అపార్ట్‌మెంట్ పార్కింగులో నేల మీది మరక మరో వాహనానిదీ కావచ్చు. వానాకాలంలో ఆ మరక కూడా నీటికి కొట్టుకుపోతుంది. అందుచేత రాత్రి కారు ముందు భాగం కింద శుభ్రమైన అట్టముక్క పరిచి, ఉదయం పరిశీలించడం మేలు. పవర్ స్టీరింగ్ ఆయిల్ చాలా వాహనాల్లో ఎర్రగానూ, కొన్నింటిలో లేత పసుపు రంగులోనూ ఉంటుంది. పాతబడితే గోధుమ రంగుకు మారుతుంది. పచ్చగానో గులాబీ రంగులోనో ఉండి తియ్యటి వాసన వస్తే అది కూలెంట్. రంగూ జిడ్డూ లేనిది ఏసీ నుంచి కారే నీరు. దాని గురించి ఆందోళన అక్కర లేదు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ కూడా ఎర్రగానే ఉంటుంది కనుక రంగు ఒక్కటే చూసి నిర్ణయానికి రాకూడదు. చుక్క ఎక్కడ పడిందో కూడా గమనించాలి.

తరువాత బానెట్ కింద

కారును సమతలంపై నిలిపి, ఇంజిన్ ఆపి, డబ్బాపై ఉన్న గీతలను చూడాలి. కొన్నింటిపై చల్లని ఆయిల్‌కు, వేడి ఆయిల్‌కు వేర్వేరు గీతలుంటాయి. మూత చుట్టూ, పైపుల కీళ్లు, క్లిప్పులు, పంపు కింది భాగం వరుసగా శుభ్రమైన గుడ్డతో తుడిచి, కొద్ది దూరం నడిపి వచ్చి మళ్లీ చూస్తే కొత్త తడి ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. ఆయిల్ కిందికి జారుతుంది కాబట్టి తడిసిన చోట్లలో అన్నిటికంటే పైనున్నదే సాధారణంగా అసలు మూలం.

కొన్ని లీకులు నేలపై కనిపించవు. ముందు చక్రాల వైపు, స్టీరింగ్ రాక్ చివర్లలో ముడతల రబ్బరు తొడుగులుంటాయి. లోపలి సీలు పాడైతే ఆయిల్ మొదట ఆ తొడుగుల్లోనే నిలుస్తుంది. ఇంజిన్ ఆపి, చల్లారాక మెల్లగా నొక్కితే లోపల ద్రవం కదలడం తెలుస్తుంది. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరడం మాత్రం ప్రాణాపాయం. ఆ పనిని మెకానిక్‌కే వదిలేయాలి.

ఇంజిన్ నడుస్తుండగా మరొకరు స్టీరింగ్‌ను అటూ ఇటూ తిప్పితే ఒత్తిడి పెరిగి చిన్న లీకులూ బయటపడతాయి. అయితే చక్రాన్ని చివరిదాకా తిప్పి అలాగే పట్టి ఉంచరాదు. బెల్టు దగ్గరకు చేతులు, చున్నీ, చీర కొంగు వంటివి పోనీయరాదు. ఒత్తిడిలో ఉన్న పైపును చేత్తో తడమడం కూడా తగదు. సన్నని రంధ్రం నుంచి చిమ్మే ఆయిల్ చర్మంలోకి చొచ్చుకుపోగలదు.

చెవికి అందే సూచనలు

మలుపు తిప్పేటప్పుడు మూలుగు వంటి శబ్దం, డబ్బాలో నురగ, నెమ్మదిగా వెళ్లేటప్పుడు స్టీరింగ్ బరువెక్కడం వంటివి ఆయిల్ తగ్గి పంపులోకి గాలి చేరిందనడానికి సూచనలు. మట్టం నింపవలసి వస్తే వాహన పుస్తకంలో సూచించిన రకాన్నే వాడాలి. బ్రేక్ ఆయిల్ పోస్తే రబ్బరు సీళ్లు ఉబ్బి మొత్తం వ్యవస్థే పాడవుతుంది.

దారిలో ఆయిల్ పూర్తిగా కారిపోయినా చక్రాలకూ స్టీరింగ్‌కూ మధ్య యాంత్రిక సంబంధం తెగిపోదు. కారు తిరుగుతుంది, కాకపోతే చాలా బలం కావాలి. కంగారుపడకుండా రెండు చేతులతో గట్టిగా పట్టుకొని, వేగం తగ్గించి, రోడ్డు పక్కన సురక్షితమైన చోట ఆపి, ఇంజిన్ కట్టేయాలి. లీకు సరిచేయించిన తరువాతే ప్రయాణం కొనసాగించాలి.