మీకు తెలుసా? బెల్టుతో పాటే వాటర్ పంపు

పిస్టన్ల కదలికతో తిరిగే క్రాంక్‌షాఫ్టును, వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్టుతో జతచేసే పళ్ల రబ్బరు పట్టీయే టైమింగ్ బెల్టు. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ సరిగ్గా ఒక చుట్టు తిరగాలన్న లెక్కను అది కాపాడుతుంది. గొలుసుకు బదులు ఈ పట్టీతో 1962లో జర్మనీలో గ్లాస్ 1004 కారు వచ్చింది. రెనో డస్టర్‌లోని 1.5 లీటర్ల డీజిల్ ఇంజిన్ వంటివాటిలో ఇంజిన్‌ను చల్లబరిచే కూలంటును తిప్పే వాటర్ పంపు కూడా ఈ బెల్టుతోనే నడుస్తుంది కనుక, పంపు బేరింగు బిగుసుకుపోతే బెల్టు తెగడమో పళ్లు రాలడమో జరిగి, తెరిచి ఉన్న వాల్వులను పిస్టన్లు గుద్ది వంచేస్తాయి. అందుకే రెండింటినీ ఒకేసారి మారుస్తారు; విప్పే శ్రమ ఎలాగూ ఒక్కటే.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీనగర్ దాకా మెట్రో స్తంభాల పక్కన ఆగుతూ సాగే కారుకు, బెల్టు ఎప్పుడు మార్చాలో చెప్పే కిలోమీటర్ల లెక్క కొంత మోసకారి, ఎందుకంటే బండి కదలకపోయినా ఇంజిన్ తిరిగినంతసేపూ బెల్టు తిరుగుతూనే ఉంటుంది. విజయవాడ హైవే కారుకు ఆ బాధ తక్కువ.

అపార్టుమెంటు సెల్లారులో ఈ పనికి పూనుకొనేవారు పాత బెల్టు తీయకముందే పుల్లీల గుర్తులు కలిపి, వైట్‌నర్‌తో చుక్కలు పెట్టుకొని, కంపెనీ చెప్పిన పిన్నులతో షాఫ్టులను కదలకుండా నిలపాలి. పంపు కింది సన్నని రంధ్రం చుట్టూ ఎండిన కూలంటు చార కనిపిస్తే లోపలి సీలు పోయినట్లే. కొత్త బెల్టు బిగించి పిన్నులు తీసేశాక, స్పానరుతో క్రాంక్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి, గుర్తులు మళ్లీ కలిశాకే తాళం తిప్పాలి. మధ్యలో గట్టిగా తగిలితే అక్కడే ఆపాలి.