కింది ముక్కు పొడవు... కాకినాడ తీరానికి అరుదైన చుట్టం

కడియం: మొక్కల కోసం ఎక్కడెక్కడి వారో కడియం వస్తుంటారు. కడియం వారు వెళ్లి చూడదగ్గ చుట్టం ఒకటి చలికాలంలో కాకినాడ తీరానికి వస్తుంది. 2022లో కాకినాడ వేరే జిల్లా అయింది గానీ దూరమేమీ పెరగలేదు కదా!

పక్షి శాస్త్రజ్ఞులు దీన్ని ఇండియన్ స్కిమ్మర్ అంటారు. ప్రపంచం మొత్తం మీద ఎదిగిన పక్షులు మూడు వేలకు మించవని అంచనా. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2020లో దీన్ని అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలోకి మార్చింది.

సముద్రపు కాకుల గుంపులో కలిసి కూర్చున్నా పోల్చుకోవడం కష్టం కాదు. ముక్కు చూస్తే చాలు. నారింజ రంగులో లావుగా, కొస పసుపుగా ఉంటుంది. విడ్డూరమేమంటే కింది ముక్కు పై ముక్కు కంటే పొడవు. తలపై నల్లటోపీ, నల్లని వీపు, తెల్లని మెడ, పొట్ట, ఎర్రని కాళ్లు. రెక్కలు చాస్తే మూడున్నర అడుగులు.

ఇక వేట చూసి తీరాలి. నీటిని ఆనుకుని ఎగురుతూ, నోరు తెరిచి, కింది ముక్కును నీళ్లలో ముంచి నాగలి చాలు తీసినట్టు గీసుకుంటూ పోతుంది. చేపపిల్ల తగలగానే నోరు టక్కున మూసుకుంటుంది. చేప కంటికి కనపడాలనేం లేదు గనుక పొద్దువాలాక కూడా వేట సాగుతుంది. దీనికి అలల జోరు లేని నీరు కావాలి. హోప్ ఐలాండ్ అడ్డుగా ఉన్న కాకినాడ అఖాతంలో, కోరింగ అభయారణ్యం పరిసరాల్లో అలాంటి నీరుంది.

గుడ్లు పెట్టేది మాత్రం ఇక్కడ కాదు. వేసవిలో చంబల్, మహానది వంటి నదుల ఇసుక తిన్నెల మీద. గూడంటూ ఉండదు, ఇసుకలో చిన్న గుంటే. ఎండకు గుడ్లు పాడవకుండా పెద్ద పక్షి పొట్ట తడుపుకొచ్చి వాటి మీద కూర్చుంటుంది. చిక్కంతా అక్కడే. నదిలో నీరు తగ్గితే పాయ ఎండి కుక్కలు, పశువులు తిన్నె మీదకు నడిచి వస్తాయి. పైనుంచి ఒక్కసారిగా నీరు వదిలితే గుడ్లు కొట్టుకుపోతాయి. ఇసుక తవ్వకాల సంగతి సరేసరి. లంకలు ఎరిగిన మన వారికి ఇది విడమరచి చెప్పనక్కర్లేదు.

చూడదలచినవారు చలికాలంలో కాకినాడ కుంభాభిషేకం రేవు వైపు బురద మేటల దగ్గరికి వెళ్లవచ్చు. పోటు ఎక్కేకొద్దీ మేటలు మునిగి పక్షులు ఒడ్డు వైపు జరుగుతాయి. దూరంగా కదలకుండా నిలబడి బైనాక్యులర్స్‌తో చూడాలి. ఫోటో కోసం గుంపును లేపితే వాటికి విశ్రాంతి ఉండదు. పోటు వేళలు అక్కడి జాలర్లను అడిగితే చెబుతారు.