ముట్టి చూడదగిన ప్రదర్శనశాల

ప్రదర్శనశాల యనగానే మనకు స్ఫురించునవి అద్దపు పెట్టెలు, వానిపై "ముట్టరాదు" అను పలక, ప్రక్కనే కావలివాడు. పెద్దవారి కిది చాలును. నాలుగేండ్ల బాలునకు మాత్ర మిది శిక్షయే. వాడు కంటితో గాక చేతితో చూచును. పిల్లలకొరకే ప్రత్యేకముగా నేర్పడిన మొదటి ప్రదర్శనశాల 1899 సంవత్సరమున అమెరికాదేశపు న్యూయార్కు నగరమందలి బ్రూక్లిన్‌లో తెరువబడెను. 1913 లో బోస్టన్ నగరమున విజ్ఞానశాస్త్రోపాధ్యాయుల పూనికచే మరియొకటి వెలసెను. ఆ నగరముననున్న మా కుమార్తె యింటికి బోయినప్పుడు, మనుమనితో గూడ నేను చూచిన దీ రెండవదియే.

బాలుర శాల యయ్యును, అచ్చట సయితము చాలకాలము వస్తువులు పెట్టెలలోనే యుండెడివి. 1962 లో మైకేల్ స్పాక్ అను నతడు డైరెక్టరై వానిని వెలికి దీయించెను. శిశుపోషణమును గూర్చి లోకప్రసిద్ధమైన గ్రంథమును వ్రాసిన డాక్టరు బెంజమిన్ స్పాక్‌గారి కుమారు డితడు. అంతటివాని కుమారుడై యుండియు, చిన్నతనమున చదువుటకు మిక్కిలి కష్టపడినవాడు. అక్షరములు పట్టువడనీయని 'డిస్లెక్సియా' యను చిక్కు అతనికి గలదు. కాబట్టి చదివి తెలిసికొనలేనివాడు తాకి, విప్పి, త్రిప్పి తెలిసికొనగలడని యతనికి స్వానుభవముచే దెలియును. "లోపల నేమున్నది?" అను ప్రదర్శనమున నతడు నిత్యము చూచు వస్తువులనే కోసి లోపలి భాగములను బాలురకు జూపెను. మన తరగతులలో వెనుక బల్లమీద తల వంచుకొని కూర్చుండువారిని చూచునపుడెల్ల నాకీ కథ జ్ఞప్తికి వచ్చును.

1979 నుండి యీ శాల రేవు ప్రక్కన నొక పాత ఉన్ని గిడ్డంగిలో నున్నది. వాకిట నలువదడుగుల యెత్తుగల పాలసీసా యాకారపు కట్టడము నిలిచియుండును. లోపల మూడంతస్తుల యెత్తున పిల్లలు ప్రాకి యెక్కు మార్గము గలదు. పెద్దలు క్రింద నిలిచి గుండె చేతబట్టుకొని చూడవలసినదే! క్యోటో నగరమువారు కానుకగా నిచ్చిన పట్టువర్తకుని యిల్లొకటి, జపానునుండి విప్పి తెచ్చి, యచ్చటి వడ్రంగులచేతనే మరల కూర్పబడినది. పాదరక్షలు విడిచి లోనికి బోవలెను. ఈ నియమమును మన పిల్లలకు వేరుగ నేర్ప బనిలేదు.

మా మనుమడు వీని నన్నిటిని విడిచి సబ్బుబుడగల తొట్టెయొద్ద నిలిచిపోయెను. అచ్చట గుండ్రని చట్రములతోబాటు చతురస్రపు చట్రములును గలవు. వాడు చతురస్రపుదానిని ముంచి, లాగి, చదరపు బుడగకై యెదురుచూచెను. గుండ్రనిదే వచ్చెను. మరల ముంచెను. మరల గుండ్రనిదే. నేను నా యలవాటు చొప్పున పాఠ మారంభించితిని. సబ్బునీటి పొర సాగదీసిన రబ్బరువలె తన వైశాల్యమును తగ్గించుకొనజూచును. లోపల చిక్కిన గాలిని ఇముడ్చుకొని, మిక్కిలి తక్కువ వైశాల్యముతో నుండగల రూపము గోళము. కాబట్టి చట్ర మెట్టిదైనను, దానిని విడిచిన బుడగ గుండ్రనై తీరును. ఇక వట్టినీటి బిగువు హెచ్చు, దాని పొర నిలువక తెగును; సబ్బు ఆ బిగువును తగ్గించి పొరను నిలుపును. ఇదంతయు సత్యమే గాని వాడొక్క మాటయు వినలేదు. జపాను యిల్లు చూపవలెనను తొందరలో చేయి పట్టి లాగితిని. "తాతయ్యా, ఇంకొక్కసారి!" అని వాడేడ్చెను. మేము జపాను యింటిలో ఆ యేడుపుతోనే తిరిగితిమి. వాడు దేనిని చూడలేదు, నేనును చూడలేదు.

మరునాడు మరల బోయితిమి. ఈ పర్యాయము తెరచిన వెంటనే, జనము చేరకముందే చేరుకొని, మార్చుటకు పొడిబట్టలు తీసికొని, ఒక్క గదియే చాలునని నిశ్చయించుకొంటిమి. మూడేండ్లు నిండని పసివారికి వేరుగ నొక గది యున్నది. చిన్నపిల్లను మా కుమార్తె యచ్చట నుంచెను. నేను తొట్టెప్రక్క బల్లమీద గూర్చుండి నోరు మూసికొంటిని. గంటకు పైగా గడచినపిమ్మట వాడు వచ్చి, "చదరంగా రాదు తాతయ్యా, అది గాలిలోకి పోగానే మూలలు పోగొట్టుకుంటుంది" అని తనంతట తానే చెప్పెను.

ఆ రాత్రి వాడు తీగ నొకదానిని త్రికోణముగా వంచియిమ్మని నన్నడిగి, స్నానపు తొట్టెలో కూర్చుండెను.