నీళ్ళతొట్టిలో విమానం

సాయంకాలం కోట్‌పల్లి ప్రాజెక్టు కట్టమీద కూర్చుంటే నీళ్ళమీద పడవలూ, ఆకాశంలో విమానాలూ కనబడతాయి. మొన్న మా అబ్బాయి, “నాన్నా, విమానం కిటికీల మూలలు గుండ్రంగా ఎందుకుంటాయి?” అని అడిగాడు. దానికి జవాబు ఒక నీళ్ళతొట్టిలో దొరికిందంటే వాడు నమ్మలేదు. మీరూ నమ్మరేమో, వినండి.

ప్రయాణీకులను మోసిన మొట్టమొదటి జెట్ విమానం పేరు కామెట్, అంటే తోకచుక్క. మన పెద్దలైతే ఆ పేరు పెట్టనిచ్చేవారు కాదు! బ్రిటన్‌లో డి హావిలండ్ కంపెనీవారు నిర్మించిన ఈ విమానం 1952 మే 2న లండన్ నుంచి 36 మందితో జొహానెస్‌బర్గ్‌కు బయలుదేరింది. పంకాల విమానాల కుదుపులకు అలవాటు పడిన జనానికి 35 వేల అడుగుల ఎత్తున ఆ ప్రయాణం పుష్పకవిమానమే అనిపించింది.

సరిగ్గా ఏడాదికి, 1953 మే 2న, కలకత్తా డండం నుంచి లేచిన కామెట్ ఆరు నిమిషాలకే గాలివానలో ముక్కలై కూలింది. 43 మంది పోయారు. తప్పు తుఫానుదన్నారు. 1954 జనవరి 10న ఎల్బా దీవి దగ్గర మరొకటి సముద్రంలో పడి 35 మంది పోయారు. లండన్ నుంచి తొలిప్రయాణం చేసిన విమానమే అది! అప్పుడు గాలివాన కూడా లేదు. కామెట్లను ఆపి, తోచిన మార్పులు చేసి, అసలు కారణం తెలియకుండానే మార్చి 23న మళ్ళీ నడిపారు. పదహారు రోజులకు నేపుల్స్ దగ్గర ఇంకొకటి పడి 21 మంది బలైపోయారు.

అప్పుడు శాస్త్రజ్ఞులు ఫార్న్‌బరోలో పెద్ద తొట్టి కట్టి, అందులో ఒక కామెట్‌ను దింపి, లోపలికి నీరు ఎక్కిస్తూ, ఒత్తిడి తగ్గిస్తూ పోయారు. పైకి ఎగిరినప్పుడల్లా లోపలి గాలి విమానం గోడలను ఉబ్బిస్తుంది. దిగితే అవి సడలుతాయి. గాలితోనే పరీక్షిస్తే విమానం బాంబులా పేలిపోతుంది. నీటితో ఆ భయం లేదు. అంతకుముందు 1,221 సార్లు ఎగిరిన ఆ విమానం తొట్టిలో మరి 1,836 సార్లకు చిట్లింది. ఇనుపతీగను పదేపదే వంచితే విరగదూ? లోహానికీ అలసట వుంటుంది. పలుచని రేకులో కిటికీల వంటి రంధ్రాల మూలల దగ్గరే ఒత్తిడి పోగుపడుతుందనీ, చీలిక అక్కడే పుడుతుందనీ తేలింది.

తర్వాత మందమైన రేకుతో, కోడిగుడ్డు ఆకారపు కిటికీలతో కొత్త కామెట్ వచ్చింది. 1958 అక్టోబరు 4న అట్లాంటిక్ దాటి ప్రయాణీకులను చేరవేసింది. కాని మూడు వారాలకే అమెరికా వారి బోయింగ్ 707 రంగంలోకి దిగింది. 1960లో మన ఎయిర్ ఇండియా కూడా దానినే తెచ్చుకుంది. కామెట్ 1980 నవంబరు 9న చివరిసారిగా ప్రయాణీకులను ఎక్కించుకుని విశ్రమించింది.

అంతా విని మా అబ్బాయి, “మరి కారణం తెలిసేదాకా ఆగివుంటే?” అన్నాడు.

ఆ 21 మందీ ఇళ్ళు చేరేవారు, నాయనా!