అడవి చదువు - ఖర్చు ఎంత?

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలు ఉన్నాయి. చుట్టుపక్కల ఊళ్ల వాళ్ల కోసం ప్రభుత్వం వీటిని నడుపుతుంది. వయసు పైబడినా చేరవచ్చు. పిల్లల తల్లులు కూడా చదువుకుంటారు.

నార్త్ కరోలినా రాష్ట్రంలో హేవుడ్ కాలేజీ అలాంటిదే. చుట్టూ కొండలు, అడవులు. అక్కడ రెండేళ్ల అడవి చదువు ఉంది. చెట్లను గుర్తుపట్టడం, మాను కొలిచి కలప లెక్క కట్టడం, మంటల నుంచీ పురుగుల నుంచీ అడవిని కాపాడడం నేర్పుతారు.

మరి ఫీజు ఎంత? ఫీజును క్రెడిట్ల లెక్కన కడతారు. వారానికి ఒక గంట పాఠం అంటే సుమారుగా ఒక క్రెడిట్. 2024లో ఆ రాష్ట్రం వాళ్లకి ఒక క్రెడిట్ 76 డాలర్లు. పై రాష్ట్రం వాళ్లకి 268 డాలర్లు. 16 క్రెడిట్లు చదివితే ఒక టర్ముకి సొంత రాష్ట్రం వాళ్లకి 1,216 డాలర్లు. పైవాళ్లకి 4,288 డాలర్లు. చదువు ఒకటే, ఫీజు మాత్రం మూడు రెట్ల పైనే! ఎందుకంటే ఆ రాష్ట్ర ప్రజల పన్నులతో ఆ కాలేజీ నడుస్తుంది.

ఫీజు ఒక్కటే ఖర్చు కాదు. పుస్తకాలు కొనాలి. అడవిలో తిరగడానికి గట్టి బూట్లు కావాలి. ఇంటి అద్దె, తిండి, ప్రయాణం ఉండనే ఉన్నాయి. చాలామందికి ఇవే ఫీజుకన్నా ఎక్కువ అవుతాయి.

బీదవాళ్లకి అక్కడి ప్రభుత్వం పెల్ గ్రాంటు ఇస్తుంది. 2024-25లో ఇది ఏడాదికి 7,395 డాలర్ల దాకా ఉంది. దీన్ని మామూలుగా తిరిగి కట్టక్కరలేదు. వేరే దేశం నుంచి చదువుకోడానికి వెళ్లినవాళ్లకి ఇది రాదు.

అప్పు సంగతి వేరు. దాన్ని వడ్డీతో సహా తీర్చాలి. అందుకే ఏ దేశంలో అయినా, ఏ చదువుకైనా సంతకం పెట్టేముందు కాగితం చదవాలి. ఇది గ్రాంటా, అప్పా అని అడగాలి.