దూరమునుండి కంప్యూటరును నడపు విధములు

సంఘ కార్యాలయములోని కంప్యూటరు చెడినచో, ఖమ్మమునుండి మనిషి వచ్చువరకు పని నిలిచిపోవుట మన అడవి సరిహద్దు గ్రామములకు క్రొత్త గాదు. భద్రాచలమునకు ఖమ్మము సుమారు 120 కిలోమీటర్లు. చర్ల, దుమ్ముగూడెములకు ఇంకను దూరము. ఆ మనిషి తన చోటనుండియే మన యంత్రమును సరిచేయు మార్గములు కలవు. వానిని సభ్యులెల్లరు ఎరుగుట మేలని మేము తలచుచున్నాము.

మంచె మీది కావలివాడు త్రాడు లాగిన, చేను చివర కట్టిన డబ్బా మ్రోగును గదా! ఇదియు నట్టిదే. త్రాటికి మారుగా ఇంటర్నెట్టు ఉండును. అక్కడ నొక్కిన మీట ఇక్కడి యంత్రములో పనిచేయును.

మొదటి విధము అక్షరములతో ఆజ్ఞలు పంపుట. పూర్వపు టెల్‌నెట్ పద్ధతిలో రహస్యపదము సైతము ఉన్నదున్నట్లే పోవుచుండెను. నడుమ నెవడైనను చదువవచ్చును. 1995లో ఫిన్లాండు దేశీయుడగు టాటు యులోనెన్, మాటలన్నియు గూఢలిపిలో పోవునట్లు ఎస్.ఎస్.హెచ్. పద్ధతిని కల్పించెను. పోవునవి అక్షరములే గనుక సిగ్నలు కొంత బలహీనమైనను ఇది నడచును.

రెండవ విధము తెరనే చూపుట. వి.ఎన్.సి., రిమోట్ డెస్క్‌టాప్, ఎనీడెస్క్ మొదలగునవి ఈ జాతివి. దూరపువాడు మన తెరను చూచుచు మన మౌసును త్రిప్పును. బొమ్మలు పోవలెను గనుక సిగ్నలు బాగుండవలెను.

అపాయము ఇందే కలదు. బ్యాంకువారమని ఫోను చేసి, ఇట్టి సాధనమును మీ ఫోనులో పెట్టించి, అందు కనబడు అంకెలు చెప్పుమనువారు కలరు. అంకెలు చెప్పి అనుమతి మీట నొక్కుట గాదె తాళపుచెవి ఇచ్చుటయే. పిమ్మట మీకు వచ్చు ఓ.టి.పి.ని మీరు చెప్పకున్నను వారు చూడగలరు. 2019 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు ఈ మోసమును గూర్చి బ్యాంకులను హెచ్చరించినది. దోషము సాధనమునందు లేదు. దానిని పట్టిన చేతియందు కలదు.

కావున మనము పిలిచినవానికే ద్వారము తెరువవలెను. తానై ఫోను చేసినవానికి తెరువరాదు. పని జరుగునంతసేపు కార్యదర్శి తెర యెదుటనే కూర్చుండవలెను. ఆ యంత్రములో నున్నవి సభ్యులందరి అప్పు, పొదుపు లెక్కలు. పని ముగిసినంతనే సంబంధము త్రెంచి, రహస్యపదము మార్చవలెను. మోసపోయితిమని తోచినచో మొదట ఇంటర్నెట్టు ఆపి, సిగ్గుపడక వెంటనే 1930 నంబరునకు ఫోను చేసి, బ్యాంకునకును తెలుపవలెను. ఆలస్యమైనకొలది సొమ్ము చేతులు మారును.

ఈ పత్రికను చదువజాలని పొరుగువారికి సభ్యులు దీనిని చదివి వినిపింతురుగాక.